షంషాద్ టీచర్ వెంట ఊడుగ పూలకు

మొన్న ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో కునుకు తీస్తున్నాను. కిటికీలోంచి ఊడుగ పూల వాసన గుప్పున కొట్టేసరికి నిద్ర ఎగిరిపోయింది. దిగి పరుగెత్తాలనిపించింది. షంషాద్ టీచర్ ఉంటే నిజంగానే బస్సు ఆపించేది.

ఆవిడ ఉదయగిరిలో మా హైస్కూల్లో సైన్సు చెప్పేది. నెల్లూరు టౌనులో పుట్టి పెరిగినా అడవంటే ప్రాణం. ఏటా చలి తగ్గగానే ఒక ఆదివారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలందరినీ ఉదయగిరి కొండ కిందికి నడిపించేది. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు మా మోత. గొడుగు, లావుపాటి నోటుబుక్కు ఆవిడవి. పూలు కోయకూడదు. చెట్టు కింద కూర్చుని కంటికి కనిపించినదంతా చెప్పాలి. అప్పుడు ఆవిడ పేరు చెబితే రాసుకోవాలి.

మా వంతు వచ్చిన ఏడు నా సంబరం అంతా ఇంతా కాదు. ఆకు లేని కొమ్మల నిండా కొండగోగు పసుపు, ఆ పక్కనే మోదుగ ఎరుపు! ఎటు చూడాలో తెలియక మెడ నొప్పి పుట్టింది. బెంగ ఒక్కటే. మా నాయన మర్రిపాడు వైపు మేకలు కాసేవాడు. నేనేమో హాస్టల్లో ఆయన లారీ డ్రైవరని కోతలు కోసి ఉన్నాను. ఆ చెట్లన్నీ నాకు తెలుసు. నోరు విప్పితే గుట్టు బయటపడుతుందని గమ్మున నడిచాను.

మధ్యాహ్నం ఒక తెల్లపూల చెట్టు దగ్గర టీచర్ ఆగి, "ఇది పాల చెట్టు, రాసుకోండి" అంది. ఆ తప్పు నలభై పుస్తకాల్లోకి ఎక్కుతుంటే నేను ఆగలేకపోయాను.

"పాల కాదు టీచర్, ఊడుగ. పాలయితే గిల్లితే పాలు కారతాయి. దీనికి కారవు, ముల్లుంటాది."

టీచర్ చిన్న రెమ్మ గిల్లి చూసింది. చుక్క రాలేదు.

"నీకెట్టా తెలుసు మే?" అని పక్కనున్న రమణమ్మ నిలదీసింది.

అందరూ నావైపే చూస్తున్నారు. "మా నాయన మేకలు కాస్తాడు. లారీ లేదు, ఏమీ లేదు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

టీచర్ మాత్రం నోటుబుక్కులో రాసింది కొట్టేసింది. "నేను తప్పు చెప్పినాను. కొట్టేసి ఊడుగ అని రాయండి" అంది. తర్వాత నాతో, "మీ నాయన్ని వచ్చే ఆదివారం రమ్మను. ఆయన ముందు నడుస్తాడు, నేను ఎనకాల రాసుకుంటా" అంది.

నాయన ఉతికిన పంచె కట్టుకుని, బెరుకుబెరుకుగా వచ్చాడు. గంట తిరిగేసరికి కర్ర ఊపుతూ పాఠమే చెప్పేస్తున్నాడు.

"ఇదేందన్నా, ఇంత ఏపుగా ఉండాది?" అని టీచర్ ఒక పొద చూపించి అడిగింది.

"దీన్ని మేకలు ముట్టవమ్మా, అందుకే."

ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది. ముందు వారం నవ్విన పిల్లలే ఆయన చుట్టూ మూగారు. నేను ఆయన చెయ్యి వదల్లేదు.

టీచర్ ఇప్పుడు లేదు. నేను ఆత్మకూరులో వృక్షశాస్త్రం చెబుతున్నాను. తప్పు చెబితే పిల్లల ముందే కొట్టేస్తాను. అది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఏటా కొత్త తరగతిలో మొదటి రోజు, ఎవరూ అడగకముందే చెబుతాను, మా నాయన మేకలు కాసేవాడనీ, నాకు చెట్లు నేర్పింది ఆయనేననీ.