స్టే ఉన్న ఇల్లు

అందరూ ఆమెను డ్రిల్లు టీచరనే పిలిచేవారు. పిల్లలను పరిగెత్తించి, వాళ్లకంటే ముందు తానే పరిగెత్తే మనిషి. రిటైరయ్యాక కూడా ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అలాంటామె నాలుగు గోడల మధ్య ఇరుక్కుపోయింది.

తన తమ్ముడితో కలిసి నడిపే రంగుల కంపెనీ పేరుమీదే భర్త ఆ ఇల్లు కొన్నాడు. "ఎవరి పేరుంటే ఏంటి, ఉండేది మనమేగా!" అని నవ్వేశాడు. ఆయన పోయిన కొన్నాళ్లకే కంపెనీ దివాలా తీసింది. ఆస్తులమ్మి బాకీలు తీర్చమని కోర్టు నియమించిన లిక్విడేటరు, గోడౌనుతోపాటు ఇంటినీ అమ్మకానికి పెట్టాడు.

టీచరూ మరిదీ కోర్టుకెక్కి స్టే తెచ్చుకున్నారు. "గెలిచినట్టే వదినా!" అన్నాడు మరిది. లాయరు మాత్రం, "ఇల్లు వదిలి కదలకండమ్మా. తాళం పడిందంటే స్వాధీనం పోయినట్టే" అని హెచ్చరించాడు.

అమ్మకం ఆగింది గానీ, స్టే పోగానే కొందామని చూడ్డానికొచ్చేవాళ్లు ఆగలేదు. గోడలు తట్టేవారు, వంటగదిలోకి తొంగిచూసేవారు. ఒకాయనైతే ఆమె చీరల బీరువా తెరిచి, "ఇదీ ఇంటితోపాటేనా?" అన్నాడు. టీచరు మేడమీద గుండ్రంగా నడుస్తూ వీధిని చూసేది.

ఇంతలో చెల్లెలికి పెద్ద ఆపరేషనని కబురొచ్చింది. టీచరు ఆగలేకపోయింది. మర్నాడు ఎవరికో ఇల్లు చూపించడానికొచ్చిన లిక్విడేటరు చేతిలో తాళంచెవి పెట్టబోయింది.

"తీసుకోండి బాబూ. నాకీ ఇల్లొద్దు."

ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు. "నేను తీసుకోకూడదమ్మా. స్టే ఉందిగా."

"తెచ్చింది నేనేగా!"

"మీ మరిదిగారు కూడా. ఆయనా ఒప్పుకోవాలి."

మరిది ఫోన్‌లోనే గయ్యిమన్నాడు. "ఇప్పుడొదిలేస్తే అన్నయ్య కష్టమంతా నీళ్లపాలే వదినా!"

ఆపరేషన్ రోజంతా టీచరు ఫోను పట్టుకుని మెట్లమీదే కూర్చుంది.

కాస్త కోలుకోగానే చెల్లెలే వచ్చేసింది. ముందుగదిలో మంచమేసుకుని పడుకుంది. ఒకనాడు ఇల్లు చూడ్డానికి ఒక జంట వచ్చింది.

"బాగా చూసుకోండి నాయనా," అంది చెల్లెలు మంచంమీంచే. "మా అక్కనీ కలిపే అమ్ముతున్నారు. మోకాళ్లు గట్టివే!"

టీచరు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఒంట్లో సత్తువ వచ్చాక చెల్లెలు ప్రయాణమైంది. "బస్టాండు దాకా రావే అక్కా" అని అడగబోయి, నాలిక్కరుచుకుంది.

కేసు మళ్లీ వాయిదా పడింది. గేటు లోపలే నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా చేయి ఊపింది టీచరు.