ప్రార్థనకు ముందు అడగాల్సిన ప్రశ్న

ఇప్పుడు జనగామలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇతరులు తెచ్చిన ఆరోగ్య సర్వేల లెక్కలు సరిచూస్తుంటాను. కొత్తలో మాత్రం నెల్లికుదురు దగ్గరి ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నేనే నింపాను. అన్నీ మా చర్చి సంఘస్థుల ఇళ్లే. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ప్రార్థన చేయడం నా అలవాటు. అది ముగించి, పొగాకు వాడతారా అని అడిగేవాణ్ణి. అందరూ లేదన్నారు. దేవునికి స్తోత్రం చెల్లించాను.

చివరి ఇంటి అవ్వ కూడా లేదనే చెప్పింది. నేను లేవబోతుంటే నవ్వింది.

"ఆమెన్ అన్న నోటితోని తంబాకు తింటనని ఎవ్వలు చెప్తరు బిడ్డా? ముందుగాల అడుగు, అటెన్క ప్రార్థన చెయ్."

రొండిన దోపుకున్న తంబాకు సంచి తీసి నా ముందు పెట్టింది.

మర్నాడు ఆ ఫారాలన్నీ పక్కన పెట్టి, మొదటి ఇంటి నుంచి మళ్లీ తిరిగాను. ఈసారి ముందు అడిగాను. నిన్న లేదన్నవాళ్లే చాలామంది తలవంచుకుని అవునన్నారు. సాయంత్రం అవ్వ ఇంటికి చేరేసరికి ఆమె గడపలోనే కూర్చుని ఉంది.

"రాసుకున్నవా? ఇగ చెయ్ ప్రార్థన. గిది మానుడు నా ఒక్కదానితోని అయితలేదు," అంది.