ఓబులేసు ఇంటి తీగ

ఏడాదిగా అడుగుతున్న బ్రాడ్‌బ్యాండ్ ఈ రోజు కంబదూరులోని మా ఇంటికి వచ్చింది. ఇన్నాళ్లూ ఖాళీ లైను లేదన్నారు. పొద్దున లైన్‌మన్ వచ్చి, పక్కింటికి వెళ్లే ఫోను తీగను విప్పి మా గోడకు తెచ్చాడు. రౌటరులో దీపాలు వెలిగాయి.

ఆ తీగ ఓబులేసు ఇంటిది. శనక్కాయ పంట ఎండిపోయాక అతను బెంగుళూరికి కూలికి పోయాడు. దసరా తర్వాత కబురు లేదు. బిల్లు కట్టలేదని పోయిన నెల వాళ్ల ఫోను తీసేశారు.

అతని భార్య నాగమ్మ మా గడప దగ్గర నిలబడి లైన్‌మన్‌ని అడిగింది.

“అన్నా, మా ఆయప్ప ఫోన్ చేస్తే ఇంగ ఈ ఇంట్లో మోగుతాదా?”

“లేదక్కా. మీ నంబరు తీసేసినారు. యాడా మోగదు.”

“ఆయప్పకు ఆ నంబరొకటే నోటికొచ్చు.”

నాకు సిగ్గేసింది. “ఈ తీగ వాళ్లకే తిరిగి ఇచ్చెయ్‌ప్పా” అన్నాను.

“మీరొద్దంటే ఇంకొకరికి పోతాది సార్. ఆయమ్మకైతే రాదు” అన్నాడు. నాగమ్మ అప్పటికే వెళ్లిపోయింది.

సాయంత్రం కొత్త లైను మీద నా బ్లాగులో మొదట రాస్తున్నది ఇదే. వేగం బాగానే ఉంది.

బెంగుళూరులో ఉన్నవాళ్లు ఎవరైనా చదివితే, ఇళ్లు కట్టే చోట కంబదూరు ఓబులేసు ఉన్నాడా అని ఒకసారి అడగండి. ఎడమ కనుబొమ మీద గాటు ఉంటుంది. మా నంబరు అతనికి తెలియదు, అతను కనబడితే నాకు రాయండి, నంబరు ఇస్తాను. కనబడకపోయినా కింద ఒక మాట రాయండి. రేపు నాగమ్మ ఎదురుపడితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.