మునుగుడు సారు

లక్సెట్టిపేటలో మా తాత అసలు ఇంటిపేరు చాలామందికి తెలియదు. పీనుగుల లక్ష్మీరాజం అంటే మాత్రం పసిపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు. గోదావరిలో ఎవరు మునిగిపోయినా పోలీసులు మా వాకిట్లోకే వచ్చేవారు. తాత ఊపిరి బిగబట్టి మునిగి, జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చేవాడు. ఊళ్లో పెళ్లిళ్లకు మమ్మల్ని పిలిచేవారు గానీ, పసుపు దంచే నాడు తాత అటువైపు పోకూడదు. పీనుగును పట్టిన చెయ్యి కదా.

అది సహించలేకే తాత మస్కట్ పోయాడు. అక్కడ పడవ మీద పని. మనుషులు వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగి, చేపలను చూసి పైకి రావడం చూశాక ఆయనకు మతి పోయింది. వెంటనే అమ్మమ్మకు ఫోన్ చేశాడు.

"బుచ్చవ్వా, ఈడ మునిగినోళ్లు నవ్వుకుంట పైకొస్తున్నరే."

"నీకు ఎక్కువైంది, పోయి పండుకో" అని అమ్మమ్మ ఫోన్ పెట్టేసింది.

పడవ యజమాని దగ్గరే ఒక్కో మెట్టూ నేర్చుకున్నాడు. చివరికి ఇన్‌స్ట్రక్టర్ కోర్సు మిగిలింది. అది గట్టెక్కితే ఇతరులకు నేర్పవచ్చు. తాత కోరిక అదొక్కటే: మన ఊరికి వచ్చి నేర్పాలి, తన చెయ్యి బతికున్నవాళ్లను పట్టుకోవాలి.

పరీక్ష పెట్టింది హైదరాబాద్ నుంచి వచ్చిన అవేజ్ సారు. ఆయన స్పృహ తప్పినట్టు నటిస్తూ నీళ్ల మీద తేలాడు. ఆయన్ను కాపాడి పడవ దాకా తేవాలి. తాత చకచకా ఈదుకుంటూ పోయి, సారు జుట్టు పట్టి ఈడ్చాడు. సారు ముఖం నీళ్లలోనే ఉంది. పక్కవాడు తీసిన ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. సారు దగ్గుకుంటూ లేచి, "చాచా, జర చూడుండ్రి, నేను బతికే ఉన్న" అన్నాడు.

తాత తప్పాడు.

"తాతా, నేను లెక్కల్ల తప్పిన, నువ్వు బతికినోడిల తప్పినవ్" అన్నాను ఫోన్లో.

"నువ్వు మూడుసార్లు తప్పినవ్ గద పొల్లా. నాది ఒక్కసారే."

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు నన్ను రేవులో వెల్లకిలా తేలమనేవాడు. గదుమ కింద, అంటే గడ్డం కింద, చెయ్యి పెట్టాలి, ముఖం పైకి ఉండాలి, మాట్లాడిస్తూ తీసుకురావాలి. కొంతదూరం బాగానే తెచ్చేవాడు. అలసిపోగానే ఆ చెయ్యి దానంతటదే నా జడ మీదికి పోయేది.

"తాతా, జడ."

"యాది మరిచిన బిడ్డా."

ఒకరోజు నేను తలకు ఆముదం దట్టంగా పట్టించుకుని పోయాను. ఎన్నిసార్లు పట్టినా జడ జారిపోయింది. తాతకు కోపం వస్తుందనుకున్నాను. "రోజు గిట్లనే పెట్టుకో" అన్నాడు. నా తలగడలన్నీ పాడైపోయాయి గానీ చెయ్యి మాత్రం దారిలో పడింది.

రెండోసారి అవేజ్ సారు బోడిగుండుతో వచ్చాడట. మా తాతకు భయపడే అని నేనంటాను. ఏమైతేనేం, తాత పాసయ్యాడు.

సిలిండర్లు, గాలి నింపే మిషన్ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. రేవు దగ్గర, మునగడం నేర్పుతానని బోర్డు కూడా పెట్టాడు. పిల్లలు ముచ్చటపడి వచ్చేవారు. వెనకాలే తల్లులు వచ్చి రెక్క పట్టి లాక్కుపోయేవారు. పక్కింటి జమున చిన్నమ్మ కూతురు ఒకరోజు తాత చెయ్యి పట్టుకుని మోకాలి లోతు దిగింది. చిన్నమ్మ దాన్ని తీసుకుపోయి, కాటి నుంచి వచ్చినవాళ్లకు చేసినట్టు, గడప బయటే పసుపు నీళ్లు పోసింది. తాత చూస్తుండగానే.

"తప్పు పట్టకు కాకా" అంది. "నువ్వు మంచోనివే. కని గా చెయ్యి పట్టినోళ్లెవ్వలు బతికి లేరు."

"నన్ను రోజు పట్టిండు గద చిన్నమ్మా" అన్నాను.

"నువ్వు ఆయన ఇంటి పొల్లవు. నీకు దోషం లేదు."

తాత సిలిండర్ వాల్వు బిగించుకుంటూ కూర్చున్నాడు.

వానాకాలం ముందు వరద సహాయ దళం ఆఫీసరు ఒకాయన కొందరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "లక్ష్మీరాజం సార్, మా పోరలకు నేర్పాలె" అన్నాడు. మా తాతను సార్ అన్న మొదటి మనిషి ఆయనే. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని రేవుకు పోయాడు. ఒక కుర్రవాణ్ణి నీళ్ల మీద పడుకోబెట్టి, గదుమ కింద చెయ్యి పెట్టి చూపించడం మొదలుపెట్టాడు.

"గదంత ఎందుకు సార్" అన్నాడు ఆఫీసరు ఒడ్డు మీద నుంచి. "మేం వచ్చే వరకు పానం ఉంటదా? పీనుగును జల్ది ఎట్ల తీయాల్నో అది చెప్పుండ్రి."

తాత ఎదలోతు నీళ్లలో నిలబడే గదుమ కింద నుంచి చెయ్యి తీసేశాడు. తర్వాత ఆ కుర్రవాణ్ణి మెల్లగా లేపి నిలబెట్టాడు.

"సుడి గా బండ కింద తిరుగుతది" అన్నాడు వేలు చూపిస్తూ. "మునిగినోడు అక్కన్నే ఆగుతడు. ముందు గాడ దేవులాడాలె."

కుర్రవాళ్లు చురుకైనవాళ్లు. ఒక్కసారి చెప్పగానే, "అర్థమైంది సార్" అన్నారు.