సంతలో విప్పిన జడ

నా చిన్నప్పుడు మా ఇంటి మగవాళ్ళలో అందగాడంటే మా బాబాయే. పెళ్ళి కాకముందే ఆయన నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరగడం మొదలైంది. తరవాత నడినెత్తి పలచబడింది. అద్దం ముందు తల వంచుకుని ఆయన అలా నిలబడితే నాకు ఏడుపొచ్చేది. బడికి వెళ్ళే ముందు కాలవ గట్టున గుంటగలగరాకు కోసుకొచ్చి ఇచ్చేదాన్ని. ఆయన దాన్ని దంచి, మందారాకూ మెంతులూ కలిపి కొబ్బరినూనెలో కాచేవాడు. ఆ నూనె ఆయన మాడుకి పట్టించడం నా పని. ఏదో ఒక రోజు నా వేళ్ళకి కొత్త జుట్టు తగులుతుందని నమ్మేదాన్ని.

ఒకసారి కాకినాడ వెళ్ళి డాక్టరుకి చూపించుకుని వచ్చాడు. ఏమన్నాడని నేనడిగితే, "మన నూనే మంచిదన్నాడే," అని నా తల నిమిరాడు. ఆ తరవాత నా చేత నూనె రాయించుకోవడం మానేసి తలకి రుమాలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. కొత్త జుట్టు మొలుస్తోందట, దానికి ఎండ తగలకూడదట. కొద్ది రోజులకే యానాం మంగళవారం సంతలో సీసాలు పెట్టుకుని ఆ నూనె అమ్మసాగాడు.

సంత రోజున నన్ను బడి మాన్పించేవారు. అమ్మ నా జడ విప్పి, నున్నగా దువ్వి పంపేది. బాబాయి నన్ను ఎత్తుపీట మీద కూచోబెట్టి, వీపు జనం వైపు తిప్పేవాడు. "పుట్టినప్పుడు మా పిల్ల నెత్తిన వెంట్రుక లేదండి. ఈ నూనె తప్ప ఇంకోటి ఎరగదు," అనేవాడు. అమ్మ నాకూ అదే నూనె రాసేది కాబట్టి నేనూ నిజమేననుకున్నాను. గోదావరి అవతల నుంచి పంటు ఎక్కి వచ్చినవాళ్ళు కూడా నా జుట్టు ముట్టుకుని చూసి కొనుక్కెళ్ళేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

దరియాలతిప్ప నుంచి, చేపల వేటకెళ్ళే కుర్రాడొకడు వచ్చేవాడు. పెళ్ళి కుదిరిందట. ముహూర్తంలోగా జుట్టు రావాలని ఆశ. బాబాయి అటు తిరిగినప్పుడు మెల్లగా నన్ను అడిగేవాడు, "నిజంగా వస్తాదా పాపా?" అని. వస్తుందని తల ఊపేదాన్ని.

నూనె ఘాటుగా లేదని కొందరు సణిగేసరికి బాబాయి అందులో పచ్చి వెల్లుల్లి రసం కలిపాడు. మంట పుడితే వేరు కదిలినట్టేనని చెప్పి అమ్మాడు. ఆ పై మంగళవారం ఆ కుర్రాడు వచ్చేసరికి మాడంతా బొబ్బలెక్కి, నుదుటి మీద తోలు ఊడి ఉంది. గొడవ పడలేదు. సీసా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"పథ్యం చెయ్యలేదు నువ్వు. చేపలు తినొద్దన్నానా?" అన్నాడు బాబాయి.

"చేపలు పట్టుకు బతికేవోణ్ణండి," అని ఆ కుర్రాడు నా వైపు తిరిగాడు. "నీ మొహం చూసి కొన్నాను పాపా." అంతే, వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఏడుస్తూ జరిగింది చెప్పాను. మా నానమ్మ లేచి వెళ్ళి, అన్నం తింటున్న బాబాయి తల మీద రుమాలు లాగేసింది. నేను చివరిసారి నూనె రాసిన నాటికంటే ఆ తల ఇంకా బోసిగా ఉంది.

"డాక్టరు చెప్పింది దీనికి చెప్పరా," అంది. ఆయన అన్నం కలుపుతూ కూచున్నాడు. కాకినాడ నుంచి వచ్చిన రోజు ఆయన తనతో అన్నదంతా ఆవిడే చెప్పింది. మగవాళ్ళ ఒంట్లో ఊరే ఒక రసం వల్ల కొందరికి జుట్టు వేళ్ళు సన్నబడిపోతాయట. అది అమ్మ వైపు నుంచీ రావచ్చు, నాన్న వైపు నుంచీ రావచ్చు. మా తాతయ్యదీ అదే తల, నానమ్మ అన్నదమ్ములదీ అదే తల. ఆకులూ నూనెలూ ఉన్న జుట్టుని మెత్తగా ఉంచుతాయేమో గానీ పోయినదాన్ని మొలిపించవు. సంతలో మొదటి సీసా అమ్మకముందే ఇదంతా బాబాయికి తెలుసు. నా జుట్టు అమ్మ పోలికని అందరికీ తెలుసు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెలిసే ప్రతి మంగళవారం నా జడ విప్పిందన్నమాట.

ఆ సాయంత్రమే నానమ్మ కలబంద మట్టలు కోసుకుని నన్ను దరియాలతిప్ప తీసుకెళ్ళింది. పుళ్ళ మీద ఆ గుజ్జు రాయమని ఇచ్చి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళమంది. ఆ కుర్రాడి తల్లి మమ్మల్ని కూర్చోమనలేదు. పుళ్ళు మానాక పెళ్ళి జరిగిందని తరవాత విన్నాం. పెళ్ళికూతురు అతని బట్టతల ముందే చూసి ఒప్పుకుందట. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా మనవడికి నుదుటి దగ్గర అలాగే పలచబడుతోంది. ఫోనులో ఏవేవో నూనెలు చూపించి, "ఇది పనిచేస్తుందా నానమ్మా?" అంటాడు. నాకు తెలిసినంత వరకు చెప్పి, మిగతాది చర్మం డాక్టరుని అడగమంటాను. వాడు నొచ్చుకుంటాడని తెలిసినా అబద్ధం చెప్పను.

మా బాబాయి ఆ తరవాత నూనె మానేసి రొయ్యల చెరువుల పనిలో పడ్డాడు. నన్ను ఎప్పటిలాగే ముద్దు చేసేవాడు. ఆ రోజు గురించి మాత్రం ఒక్క మాటా ఎత్తలేదు. ముసలితనంలో మంచాన పడితే నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆయన మీద ప్రేమ పోలేదు. కానీ చివరి వరకూ ఆయన ఏం చెప్పినా, మందు వేసుకున్నానన్నా సరే, పక్క గదిలోకి వెళ్ళి మా పిన్నిని ఇంకోసారి అడిగేదాన్ని.