తొమ్మిది గుంతల కంచ

మొన్న మా తమ్ముడి మనవరాలి నిశ్చితార్థానికి హైదరాబాదు అవతల కొత్తగా కట్టిన ఒక క్లబ్బుకు పోవలసి వచ్చింది. భోజనాలయ్యాక కాస్త గాలి కోసం వెనక వరండాలోకి వస్తే, కంటికి ఆనినంత మేర పచ్చటి గోల్ఫు మైదానం పరుచుకొని ఉంది. ఇది అచ్చంగా అమెరికా పద్ధతిలో వేసినదని అక్కడ పనిచేసే కుర్రాడు గర్వంగా చెప్పాడు. అతను చెప్పకముందే ఆ సంగతి నాకు తెలిసిపోయింది: తెచ్చి పోసిన దిబ్బలు, బంతి పడే గుంతల కోసం గద్దెల్లా లేపిన చోట్లు, వాటి ముందు తెల్ల ఇసుక, నడుమ నీళ్ళు. వెంట వచ్చిన మా తమ్ముడికి ఒక్కొక్కటీ చూపి చెబితే, ఇవన్నీ నీకెట్లా తెలుసని ఆశ్చర్యపోయాడు. పెళ్ళివారి సందడిలో చెప్పే కథ కాదు కనుక ఊరుకున్నాను. రజాకార్ల కాలం, సంఘం కాలం చూసిన నా ఈడువాళ్ళకైతే చెప్పవచ్చుననిపించింది.

హైదరాబాదులో ఓవర్సీరు చదువు ముగించి, కట్టంగూర్ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం ఉండే మా అక్కగారి ఊళ్ళో దిగాను. నగరం నుంచి వచ్చే పెద్ద ఆఫీసర్లను, తెల్లవాళ్ళను మెప్పించాలని ఆ ఊరి దొరకు కోరిక. ఆయన కోటలాంటి గడీ వెనకాల గొర్రెలు మేసే బీడు ఉండేది, దాన్ని కంచ అనేవారు. అందులో తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం వేయించాలనుకొని, నిజాం కొలువులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరును పిలిపించాడు. గొలుసు పట్టి కొలిచి, మట్టాలు తీసి, పటం గీసే పని నాది.

ఆ ముసలాయన దేశంలో సముద్రానికి దూరంగా ఉన్న మైదానాలు కూడా మన కంచల్లాంటి పొదల బీళ్ళేనట. ఆయన పద్ధతి మూడు ముక్కల్లో చెప్పవచ్చు. ఒకటి, నేల ఎట్లా ఉంటే ఆటను అట్లా పరచాలి తప్ప, ఆట కోసం నేలను కదిలించకూడదు. రెండు, గుంత ముందు దారి తెరిచి ఉండాలి, బంతి నేల మీద దొర్లుతూ పోయి చేరాలి. మూడు, గడ్డి కోయడానికి గొర్రెలను మించిన పనివాళ్ళు లేరు. గొర్రెలు ఒదిగి పడుకొని గీరిన పల్లాలనే ఆయన బంతికి అడ్డుగా ఉండే ఇసుక గుంతలకు ఎంచుకున్నాడు. తన దేశపు పొదలకు బదులు మన తంగేడు, బలుసు పొదలతో సరిపెట్టుకున్నాడు.

తాతల నాటి నుంచీ ఆ కంచలో మంద మేపుకుంటున్న గొల్ల పెద్దాయనకు మాత్రం మేము జెండాలు పాతిన నాటి నుంచి నిద్ర లేదు. ఎండకాలంలో గొర్రెలకు నీళ్ళు దొరికేది ఆ కంచ నడుమ ఉన్న చిన్న కుంటలోనే. మేపూ నీళ్ళూ రెండూ మీకే ఉంటాయని ఇంజనీరు అన్న మాటను నేను తెలుగులో చెబితే, పెద్దాయన నమ్మలేక నా ముఖంలోకి చూశాడు. ఆయన భార్య నవ్వింది.

“మంచిదే గద సారూ, మీ తెల్లదొర గూడ మా ఆయిన లెక్కనే, కట్టె పట్టుకొని పొద్దుందాంక తిరుగుతడు. గొర్లొక్కటే తక్కువ!”

“నోర్ముయ్యె, ఇంటడు.”

“ఇంటె ఇననియ్యి. మన మాట గాయినకు సమజైతదా?”

ఇంజనీరుకు నిజంగానే అర్థం కాలేదు. అయినా ఆమె నవ్వు చూసి తానూ టోపీ తీసి నవ్వాడు. ఆ కొన్ని నెలలు జెండాల నడుమ మంద మేసేది, ఆయన బంతి కొట్టబోయే ముందు గొర్రెలు పక్కకు జరిగేదాకా ఓపికగా నిలబడేవాడు. మూడు గుంతల పని ముగిసేసరికి తెల్లవాళ్ళు దేశం విడిచిపోయే కాలం వచ్చింది, ఆయనా ఓడెక్కాడు.

తర్వాత పని దొర అల్లుడి చేతికి వచ్చింది. ఆయన అమెరికాలో చదివి వచ్చినవాడు, ఆట బాగా తెలిసినవాడు. అక్కడి మైదానాల చిత్రాలు ముందు పెట్టి, ఆడేవాడికి ప్రతి గుంత దగ్గరా రెండు దారులుండాలని చెప్పేవాడు: ఇసుక మీదుగా బంతిని ఎగరేసే సాహసపు దారి ఒకటి, చుట్టూ తిరిగి పోయే భద్రమైన దారి ఒకటి. కాగితం మీద అది చాలా అందమైన ఆలోచన, ఇప్పటికీ కాదనను. కాని ఎగిరి వచ్చిన బంతి పడ్డచోట నిలవాలంటే నేల మెత్తగా ఉండాలి, మెత్తగా ఉండాలంటే రోజూ నీళ్ళు కావాలి, నీళ్ళున్నది కుంటలోనే. గద్దెలు లేపడానికి మంచి మట్టి కావాలి, మా మెట్టనేలలో మంచి మట్టి పైన జానెడే, కిందంతా గులకరాళ్ళ మొరం.

పెద్దాయన ఒకరోజు గొంగడి భుజాన వేసుకొని నా దగ్గరికి వచ్చాడు. “మేపు పోతె పోనియ్యి సారూ, కుంటకాడికి గొర్లు పొయ్యే బాటొక్కటి ఇడిపించుండ్రి. నీళ్ళు లేకుంటె మంద దక్కదు” అన్నాడు. కుంట పక్కన ఉన్న రెండు గుంతలను ఇంగ్లీషు పద్ధతిలోనే, గొర్రెల బాట మిగిలేలా, కదిలించకుండా వదిలేస్తూ నేను ఇంకో పటం గీసి, ఖర్చు తగ్గుతుందని, పని తొందరగా అవుతుందని కారణాలు చెప్పి అల్లుడిగారి ముందు పెట్టాను. ఆయన చూసి నవ్వాడు. “సగం గట్ల, సగం గిట్ల కుట్టనీకె ఇది మైదానమా, బొంతనా?”

ఇంటికొకరు చొప్పున వెట్టికి పట్టుకొచ్చి కంచ పైమట్టి గీకించారు. కుంట చుట్టూ ముళ్ళకంప నాటారు. పెద్దాయన తన వాళ్ళందరితో మందను తోలుకొని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఆ దూరం ఎండలో గొర్రెలు నడిచేది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

గద్దెల మీద గడ్డి నాటీ నాటకముందే మా వైపు దొరల మీద తిరగబడ్డ రైతుకూలీల సంఘం బలపడింది. దొర కుటుంబం గడీకి తాళం వేసి హైదరాబాదు చేరింది. నీళ్ళు పోసేవాళ్ళు లేక నాటిన గడ్డి మాడిపోయింది. కంచ గొల్లలదేనని సంఘం వాళ్ళు తీర్పు చెప్పి, కృష్ణ ఒడ్డుకు కబురు పంపారు. తొలకరికి ముందు పెద్దాయన తిరిగి వచ్చాడు. మందలో సగం కూడా మిగల్లేదు. జనమంతా చేరి ముళ్ళకంప పీకేశారు, డప్పులు కొట్టారు. ఆయన మాత్రం కంచ నడుమకు పోయి కూర్చొని, నేలను అరచేత్తో తడిమి చూసి, “భూమి ఇచ్చిన్రు బిడ్డా, తోలు ఒలిచి ఇచ్చిన్రు” అన్నాడు. “వాన పడితె మొలుస్తది తాతా, ఫికర్ చెయ్యకు” అన్నాడు సంఘం పిల్లవాడొకడు.

వాన పడింది. దిబ్బలు కరిగి మంచి మట్టంతా కుంటలోకి దిగి కుంట పూడింది. గీకిన చోట ఎర్రటి మొరం తేలి, నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. అల్లుడిగారి పని ఇంకా చేరని ఆ చివర, ఇంగ్లీషు ఇంజనీరు వేసిన మూడు గుంతల చోట మాత్రం ఎప్పటిలాగే గడ్డి మొలిచింది. ఆ మైదానాన్ని మళ్ళీ కంచ చేయడానికి జెండాలు పీకితే చాలు, ఇంకే పనీ అక్కరలేదు. ఉన్న గొర్రెలన్నీ అక్కడే కిక్కిరిసి కొద్దిరోజుల్లో అదీ మేసేశాయి. పెద్దాయన భార్య కుంట గట్టు మీద కూర్చొని పూడిన మట్టిని చూస్తూ ఉండేది.

తర్వాత మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, మిలిటరీ వెనకాలే దొర తిరిగి వచ్చాడు. సంఘం పంచిన చెలకలూ పొలాలూ ఒక్కటొక్కటే లాక్కున్నాడు. ఆ కంచను మాత్రం అడగలేదు. పెద్దాయన మిగిలిన గొర్రెలను కటికవాళ్ళకు తోలి, భార్యతో నగరానికి రాళ్ళ పనికి పోయాడని మా అక్క చెప్పింది. నేను మళ్ళీ ఆయన్ని చూడలేదు.

తర్వాత నేను కాలువల శాఖలో చేరి, హాలియా దిక్కు నీళ్ళు పారించే పనిలో ఏళ్ళ తరబడి మట్టి తవ్వించాను. దాని మీద ఎన్నో ఇళ్ళు బతికాయి కనుక నేలను కదిలించడమే తప్పని అనలేను. కాని ఆ రోజుల్లో ఒక బీడును గీకాలంటే ఒక కాలమంతా మనుషుల వీపులు వంగవలసి వచ్చేది. వినే మనిషి లేకపోయినా, ఈలోగా గొంగడి వేసుకొని వచ్చి బాట ఒక్కటి విడిపించమని అడగడానికి ఒక మనిషికి వ్యవధి ఉండేది. ఇప్పుడు యంత్రాలు వారం తిరగకుండా గుట్టను గుంత చేసి వెళ్ళిపోతున్నాయి, అడగవలసినవాడు ఊరి నుంచి నడిచి వచ్చేసరికి అక్కడ బాట ఎక్కడ ఉండేదో చూపడానికి గుర్తైనా మిగలడం లేదు.