కియోంగ్ అన్న ఇంటి ఫైలు

ఫూన్ కియోంగ్ మంచివాడని మా సుంగై జెరింగ్ కొత్తూరులో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ చెబుతాను. కానీ ఆ మంచితనం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అన్న ముప్పై ఒక్క ఏళ్ళు మా చీనావాళ్ళ పార్టీకి ఊరి శాఖ కార్యదర్శి. పార్టీ గది నా కాఫీ కొట్టుకు ఎదురుగానే ఉండేది. తెల్లవారుజామున రబ్బరు పాలు తీసి, ఇంటికొచ్చి స్నానం చేసి, పదింటికల్లా ఇస్త్రీ చొక్కాతో గది తాళం తీసేవాడు. తెల్లదొరలు, అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు తిండి అందకూడదని, అడవి అంచుల్లోని మావాళ్ళను లారీలెక్కించి తెచ్చి ముళ్ళకంచె లోపల పడేసినప్పుడు, ఇంటికప్పుకు రేకులూ పొయ్యిలోకి బియ్యమూ తెచ్చిపెట్టింది ఆ పార్టీయే. ఆ విశ్వాసం రెండు తరాలు నడిచింది. ఏటా పార్టీ విందుకు నలభై బల్లలు వేసేవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు నిలబడి తినేవాళ్ళు. కొట్టు లైసెన్సు కావాలన్నా, మురిక్కాలువ తవ్వించాలన్నా, చీనా బడికి స్థలం కావాలన్నా ఆ గది గుమ్మం ఎక్కాల్సిందే.

తర్వాత పైనున్న నాయకులు రెండు ముఠాలై ఒకే రోజు రెండు మహాసభలు పెట్టుకున్నారు. కూటమి ప్రభుత్వంలో పెద్ద పార్టీ మాకిచ్చే కుర్చీలు ఒక్కొక్కటే జారిపోయాయి. "తుమ్మాలన్నా పెద్ద పార్టీ అనుమతి అడిగి తుమ్ముతారయ్యా వీళ్ళు!" అని కుర్రకారు నా కొట్లోనే కూర్చుని నవ్వేవాళ్ళు. ఎదురు గదిలో కియోంగ్ అన్న తల ఎత్తకుండా ఎవరిదో అర్జీ టైపు చేస్తూ ఉండేవాడు.

అన్నకు ఒక నియమం ఉంది. తన ఇంటి పని అన్నిటికంటే చివర. కార్యదర్శి తన పని ముందు చేసుకున్నాడని ఊళ్ళో ఒక్కడు అన్నా తలెత్తుకోలేనని అనేవాడు. ఇంతకీ ఆ ఇంటి పని ఏమిటంటే, సౌకెంగ్ వదినకు పౌరసత్వపు నీలం కార్డు. వదిన జపాను వాళ్ళ యుద్ధం రోజుల్లో తగరపు గని పక్కన గుడిసెలో పుట్టింది. పుట్టినట్టు కాగితం లేదు. అందుకని జన్మంతా ఎర్ర కార్డే, అంటే ఈ దేశంలో ఉండనిస్తారు గానీ దేశం మనిషి కాదు. ఓటు లేదు. ఆసుపత్రికి వెళ్తే పరదేశీయుల వరసలో నిలబడాలి. ఎంపీ సిఫారసు ఉత్తరం జత చేయకపోతే అలాంటి ఫైలును ఆఫీసులో ఎవరూ విప్పి చూడరు.

ఆ ఉత్తరం ఎప్పుడూ రేపే. నా కాఫీ కొట్టు లైసెన్సు కూడా వదిన ఫైలును వెనక్కి నెట్టే ముందుకెళ్ళిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

రెండువేల ఎనిమిది మార్చిలో ఎన్నికలొచ్చాయి. పోలింగు రోజు చీనా బడి గేటుకు ఇటు మా పార్టీ గుడారం, అటు ఎదుటి పార్టీ గుడారం వేశారు. వచ్చిన ఓటరు ఏదో ఒక గుడారంలో తన పేరు చెబితే, వరస సంఖ్యా గది సంఖ్యా రాసి చీటీ ఇస్తారు. ఎవరు ఎక్కడ చీటీ తీసుకుంటే వాళ్ళ ఓటు అటే అని మావాళ్ళ లెక్క. కియోంగ్ అన్న స్కేలు పెట్టి ఒక్కో పేరూ కొట్టేస్తున్నాడు. వదిన బార్లీ నీళ్ళు పోసి ఇస్తోంది. నేను ఎనిమిదింటికే చీటీ తీసుకుని, నీళ్ళు తాగి, ఓటేసి వచ్చి వాళ్ళకు సాయంగా కూర్చున్నాను.

రెండింటికి అన్న నుదురు తుడుచుకున్నాడు. "ఒరేయ్ లోక్, ఎనిమిది వందల్లో ఐదొందల నలభై మంది మన దగ్గరే తీసుకున్నార్రా. గట్టెక్కినట్టే!"

"అలాగే ఉంది అన్నా," అన్నాను. నా గొంతు నాకే అదోలా వినిపించింది. నెల రోజులుగా నా కొట్లో ఎవరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. అన్న చేతి చీటీని కాదనడానికి ఊళ్ళో ఎవరికీ మొహం చెల్లదు. ఒకడి పెళ్ళి కాగితం, ఒకడి పంది దొడ్డి అనుమతి, ఒకడి తల్లికి ఆసుపత్రి మంచం, అన్నీ అన్న చలవే. అందరూ నవ్వుతూ చీటీ తీసుకుంటున్నారు, బార్లీ నీళ్ళు తాగుతున్నారు. పాపం ఆయన ఆ మొహమాటాన్ని ఓట్ల కింద లెక్కేస్తున్నాడు.

అన్న అటు వెళ్ళగానే వదిన నా పక్కన కూర్చుంది. తుడిచిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"గెలుస్తాం కదూ లోక్?"

"ఏంటి వదినా, నీకెందుకంత కంగారు?"

"పార్లమెంటు రద్దవడానికి మూడు రోజుల ముందు మీ అన్న మన పార్టీ ఎంపీ దగ్గరికి ఐదు ఫైళ్ళు పట్టుకెళ్ళాడు. నాది అడుగున పెట్టాడు. ఆ ఎంపీ నాలుగు సంతకాలు చేసి, విందుకు వేళైంది, మిగిలింది ఎన్నికలయ్యాక అని కారెక్కాడట. నేను పుట్టడం చూసిన మనిషి మా పిన్ని ఒక్కతే మిగిలింది. ఎనభై తొమ్మిదేళ్ళు. ఆవిడ పోతే నాకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరు?"

మా దగ్గర అప్పట్లో ఓటేస్తే వేలికి సిరా గుర్తు పెట్టకపోయినా ఆ చెయ్యి బల్ల కింద దాచుకున్నాను. పొద్దున ఆ చేత్తోనే ఎదుటి పార్టీ గుర్తు పక్కన గీత పెట్టి వచ్చాను మరి. పార్టీ మీద కోపంతో పెట్టాను. అన్న మీద కాదు, వదిన మీద అసలే కాదు. కానీ ఆ గీతకు అవన్నీ తెలియవు కదా. వెళ్ళి చెరిపేసి రావాలనిపించింది. ఐదింటి దాకా గేటు వంకే చూస్తూ కూర్చున్నాను. వచ్చిన ప్రతివాడూ అన్నకు వంగి నమస్కరించి చీటీ తీసుకుంటూనే ఉన్నాడు.

ఏడు కాకముందే మా ఊరి పోలింగు గదుల లెక్క బయటికొచ్చింది. మా పార్టీకి రెండొందల పదకొండు. అటు ఐదొందల డెబ్భై. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అదే తీరు, మా ఎంపీ ఓడిపోయాడు.

అన్న కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "చీటీలు ఐదొందలు దాటాయి కదరా," అన్నాడు. పేర్ల జాబితా ముందేసుకుని, ఎవరై ఉంటారా అని వేలితో ఒక్కో పేరూ తడుముతున్నాడు. నా పేరు దగ్గర వేలు ఆగకుండా ముందుకెళ్ళిపోయింది. అది నేను భరించలేకపోయాను.

గుడారం వెనక గ్లాసులు కడుగుతున్న వదిన దగ్గరికి వెళ్ళాను. "వదినా, నేనూ అటే వేశాను. నీ ఫైలు సంగతి తెలియదు. నీ కార్డు పోగొట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వదిన గ్లాసు బోర్లించి, భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంది.

"నాకు ఓటుంటే నేనూ అటే వేసేదాన్ని లోక్," అంది.

వెనక కియోంగ్ అన్న నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆయన మొహం చూడలేక నేను గ్లాసులు సర్దసాగాను.

తర్వాత నెలలో పార్టీ గదికి తాళం పడింది. కొత్త ఎంపీ ఒక లాయరమ్మ, ముప్పై ఏళ్ళుంటాయేమో. బజారులో ఆఫీసు తెరిచింది. ఒక సోమవారం పొద్దున అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా కొట్టు ముందుకొచ్చాడు. చంకలో ఒక్కటే ఫైలు.

"నీ మోటారు సైకిలు తీస్తావా?" అన్నాడు.

ఎవరెవరిని తన గది ముందు వరసలో నిలబెట్టి అర్జీలు రాసిపెట్టాడో, ఆ జనంలోనే గంటన్నర నిలబడ్డాడు. ఒకరిద్దరు సిగ్గుపడి "ముందు మీరు వెళ్ళండి అన్నా," అని జరిగారు. మామూలుగా అయితే వద్దనేవాడు. ఆ రోజు తల వంచుకుని ముందుకెళ్ళాడు.

బల్ల దగ్గరున్న పిల్ల ఫైలు అందుకుంది. "ఎవరి తరఫున వచ్చారు తాతయ్యా? ఏదైనా సంఘమా, పార్టీయా?"

అన్న నోరు తెరిచి, మూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ మొగుణ్ణమ్మా," అన్నాడు.